అన్నీ ఉన్నాయి, ఆటే లేదు

మా హాస్టల్ థర్డ్ ఫ్లోర్ చివరి రూములో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. ఎప్పుడో సీనియర్లు వదిలేసి పోయారు. దానికి ఇంటర్నెట్ లేదు, సీపీయూకి పక్క మూత లేదు, ఆన్ అవ్వాలంటే ఓ చోట చేత్తో తట్టాలి. అయినా ప్రతి శనివారం రాత్రి ఆ రూము ముందు చెప్పులు గుట్ట పడి ఉంటాయి. కారణం రోడ్ రాష్. బైక్ మీద పోతూ పక్కవాణ్ణి గొలుసుతో కొట్టే ఆ ఆటని మీకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. మన అన్నయ్యలు ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులు కట్టి ఆడారు, మనం ఊరికే ఆడుతున్నాం. తేడా అంతే.

ఈ మధ్య ఆ ఆట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతికాను. మనం ఆడే విండోస్ రోడ్ రాష్ 1996 నాటిది. కానీ అది పీసీ కోసం పుట్టలేదు. 1994లో త్రీడీవో అనే గేమ్ కన్సోల్ కోసం చేసిన ఆటని తర్వాత పీసీకి తెచ్చారు. నీడ్ ఫర్ స్పీడ్ మొదటి భాగం కూడా అంతే. 1994లో ముందు త్రీడీవో మీదే వచ్చింది. అంటే మనవాళ్ళు ప్రాణం పెట్టి ఆడిన రెండు ఆటలు ఒకే ఇంట్లో పెరిగాయి. ఆ ఇంటి పేరు మాత్రం ఎవరికీ తెలీదు. రూములో పదకొండు మందిని అడిగాను. ఒకడు "త్రీడీ సినిమానా?" అన్నాడు. మిగతా పదిమందీ తల కూడా తిప్పలేదు, రేస్ మధ్యలో ఉన్నారు.

ఆ కన్సోల్ ఎందుకు పోయిందో చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. కడుపులో ఎక్కడో కలుక్కుమంది. ఎందుకంటే పోయినేడు మే నెలలో మా టీమ్ నలుగురం సరిగ్గా అదే తప్పు చేశాం. అది కూడా మా ఊళ్ళో, మావాళ్ళ ముందు. ఈ వ్యాసం సగం ఆ కన్సోల్ గురించి, సగం మా తప్పు గురించి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకి టైటిళ్ళు ఇచ్చే సీజన్ కాబట్టి ఇప్పుడే రాయడం మంచిదనిపించింది.

ఏడు వందల డాలర్ల పెట్టె

ట్రిప్ హాకిన్స్ అనే ఆయన చిన్నవాడేం కాదు. ఆపిల్ తొలి రోజుల్లో అక్కడ పనిచేశాడు. 1982లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పెట్టాడు. అదే మన ఫిఫా, నీడ్ ఫర్ స్పీడ్‌ల ఈఏ. 1991లో త్రీడీవో కంపెనీ మొదలుపెట్టాడు. ఆడియో, వీడియో, ఆ తర్వాత త్రీడీవో అని పేరులోనే ప్రాసకట్టాడు. డిజైన్ చేసినవాళ్ళు డేవ్ నీడిల్, ఆర్.జె. మైకల్. అమిగా కంప్యూటర్, అటారీ లింక్స్ చేసిన జంట.

ఐడియా వింటే ఇప్పటికీ బాగుందనే అనిపిస్తుంది. వీసీఆర్‌ని ఒక్క కంపెనీయే తయారు చెయ్యదు కదా. వీహెచ్‌ఎస్ అనే ఒక ప్రమాణం ఉంటుంది, ఎవరు కావాలంటే వాళ్ళు దాని ప్రకారం తయారు చేసుకుంటారు. గేమ్ కన్సోల్ కూడా అలా ఎందుకు ఉండకూడదు? త్రీడీవో కంపెనీ డిజైన్ ఇస్తుంది. పానాసోనిక్, గోల్డ్‌స్టార్ (నేటి ఎల్‌జీ), సాన్యో లాంటి కంపెనీలు తయారుచేసి అమ్ముకుంటాయి. ఆటలు చేసేవాళ్ళు డిస్కుకి 3 డాలర్ల రాయల్టీ కడితే చాలు. నింటెండో, సెగా వసూలు చేసేదానితో పోలిస్తే అది చాలా తక్కువ.

యంత్రం కూడా ఆ రోజులకి గట్టిదే. 12.5 మెగాహెర్ట్జ్ 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్. అవును, ఇప్పుడు మన జేబుల్లో ఉన్న ఫోన్ల ప్రాసెసర్ల వంశమే. 2 ఎంబీ ర్యామ్, దానికి తోడు గ్రాఫిక్స్‌కి 1 ఎంబీ. డబుల్ స్పీడ్ సీడీ డ్రైవ్. అప్పటి కార్ట్రిడ్జ్ ఆటలు రెండు మూడు ఎంబీలుంటే, సీడీలో ఆరు వందల ఎంబీ పైగా పట్టేది. పాటల సీడీలు పెట్టుకోవచ్చు, ఫొటోలు చూసుకోవచ్చు, వీడియోలు ఆడించుకోవచ్చు. 'మల్టీమీడియా' అన్న మాట అప్పట్లో ఇప్పటి 'ఏఐ' లాంటిది. ఏ పెట్టె మీద చూసినా అదే. ఫిలిప్స్ సీడీ-ఐ, కమోడోర్ సీడీటీవీ 1991లోనే అదే మాట చెప్పుకుని వచ్చాయి. టీవీ కింద ఒక పెట్టె, ఆ పెట్టెలో లోకమంతా.

టైమ్ పత్రిక 1993లో త్రీడీవోని ఆ ఏటి ఉత్పత్తిగా ఎంచుకుంది. 1993 అక్టోబర్ 4న అమెరికాలో పానాసోనిక్ మోడల్ అమ్మకానికొచ్చింది. ధర 699 డాలర్లు. అప్పటి మారకంలో సుమారు 22 వేల రూపాయలు.

ఇక అసలు విషయం. అమ్మకానికొచ్చిన రోజున ఆ యంత్రం మీద ఆడుకోవడానికి ఎన్ని ఆటలున్నాయో తెలుసా? ఒకటి.

దాని పేరు క్రాష్ ఎన్ బర్న్. క్రిస్టల్ డైనమిక్స్ చేసింది. తర్వాత రోజుల్లో టూంబ్ రైడర్ చేసిన కంపెనీయే. భవిష్యత్తులో కార్లు పరస్పరం కాల్చుకుంటూ పరుగెత్తే ఆట. అది కూడా కన్సోల్ పెట్టెతోపాటే ఇచ్చారు. అంటే ఏడు వందల డాలర్లు పోసి యంత్రం కొన్నవాడు "ఇంకో ఆట ఇవ్వండి" అంటే షాపువాడు చేతులు కట్టుకుని నిలబడాలి.

ఎందుకలా? ఆటలు చేసేవాళ్ళు బద్ధకించలేదు. హార్డ్‌వేర్‌ని చివరిదాకా మారుస్తూ వచ్చారు. ఇంకా బాగుండాలి, ఇంకా వేగంగా ఉండాలి అని. తుది రూపం తేలేసరికి ఆటలు చేసేవాళ్ళకి టైమ్ మిగల్లేదు. ఏడాది చివరికి ఎస్కేప్ ఫ్రమ్ మాన్‌స్టర్ మేనర్, ట్విస్టెడ్ లాంటివి కొన్ని వచ్చాయి గానీ, వాటి కోసం 22 వేలు పెట్టే అమాయకుడు ఎవడు?

మన పెద్దలు "అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని" అంటారు. త్రీడీవోలో అన్నీ ఉన్నాయి. ఆటే లేదు.

మా 'ఉద్దానం పెట్టె'

ఇప్పుడు మా కథ. నాది మూలపేట. సంతబొమ్మాళి మండలం. పేపర్లలో పోర్టు వార్తల్లో చూసే ఉంటారు. మా చిన్నాన్న వేటకెళ్తాడు. మా అత్తవాళ్ళది వజ్రపుకొత్తూరు వైపు, ఉద్దానంలో జీడితోట ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి సగం పోయి, మళ్ళీ వేసుకుని నిలబెట్టుకున్న తోట.

సెకండియర్‌లో మా నలుగురికీ ఒక ఐడియా వచ్చింది. ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఒక పెట్టె పెడదాం. రాస్ప్‌బెర్రీ పై బోర్డు, పదంగుళాల టచ్ స్క్రీన్, ఒక స్పీకర్, ఉప్పుగాలికి పాడవకుండా డబ్బా. స్క్రీన్ మీద ఆరు బటన్లు: వాతావరణం, వేట సమాచారం, చేపల ధరలు, పంటల ధరలు, వీడియోలు, పాటలు. చదువు రానివాళ్ళకి మాటల్లో చెబుతుంది. పేరు 'ఉద్దానం పెట్టె'. మొత్తం ఖర్చు 11,400 రూపాయలు, నలుగురం వేసుకున్నాం.

కాలేజీ ఫెస్ట్‌లో మాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. జడ్జీలు చాలా ప్రశ్నలు అడిగారు. కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది? సిగ్నల్ లేకపోతే ఏం చేస్తారు? పది ఊళ్ళకి విస్తరించాలంటే సర్వర్ ఖర్చెంత? అన్నిటికీ స్లైడ్లున్నాయి, గడగడా చెప్పాం. మొదటి రోజు పొద్దున్న ఇందులో ఏముంటుంది అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేవాళ్ళం.

ఎందుకంటే ఆరు బటన్లలో పనిచేసేది ఒకటే. వాతావరణం. మిగతా ఐదు నొక్కితే 'త్వరలో' అని వస్తుంది. ఆ 'త్వరలో' పేజీకి కూడా అందమైన యానిమేషన్ పెట్టాం. ఒక పడవ ఇటునుంచి అటు వెళ్తుంది.

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక మే నెలలో తీసుకెళ్ళి పెట్టాం. ఇక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. ఈ సంగతి మా టీమ్‌లో మిగతా ముగ్గురికీ తెలీదు. నాకు తెలుసు. వేటకెళ్ళేవాళ్ళ కోసం చేసిన పెట్టెని వేట లేని నెలలో పెడుతున్నామని తెలిసి కూడా నోరెత్తలేదు. సెలవులు దాటితే మళ్ళీ కుదరదని, ఫొటోలు డిపార్ట్‌మెంట్‌కి పంపాలని, నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదటి రోజు జనం బాగానే వచ్చారు. పిల్లలు ఆరు బటన్లూ టకటకా నొక్కేశారు. టీ కొట్టు ఆయన "సినిమా ఎయ్యదా బావూ?" అని అడిగాడు. చిన్నాన్న చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"ఒరే, గాలెటుందో నాను ఒడ్డుకెల్తే తెలిసిపోద్ది. ఇందల ఇంకేటుందిరా?"

నేను "అన్నీ వస్తాయి చిన్నాన్నా, త్వరలో" అన్నాను. పడవ ఇటునుంచి అటు వెళ్ళింది.

తొమ్మిదో రోజుకి ఆ పెట్టె మీద టీ కొట్టు ఆయన తుండుగుడ్డ ఆరేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఎండ బాగా పడే చోటే పెట్టాం.

ధరే కారణమా?

త్రీడీవో గురించి చెబితే మా రూమ్మేట్ వెంటనే అన్నాడు: "ఆట లేక కాదురా, రేటు ఎక్కువై పోయింది." చాలామంది అదే అంటారు. అందులో నిజముంది కూడా.

నింటెండో, సెగా యంత్రాన్ని లాభం లేకుండానో, నష్టానికో అమ్మి, ఆ డబ్బు ఆటల మీద రాబట్టుకునేవి. పానాసోనిక్‌కి ఆ దారి లేదు. ఆటల మీద రాయల్టీ వచ్చేది త్రీడీవో కంపెనీకి. కాబట్టి తన లాభం యంత్రం ధరలోనే కలుపుకోవాలి. వీహెచ్‌ఎస్ లెక్క వీడియో గేమ్‌కి కుదరలేదు. పైగా తయారుచేసేది ఒకరు, ఆటలు చేసేది ఇంకొకరు, పెద్దరికం మరొకరిది. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అన్నారా.

కానీ ధర ఒక్కటే కారణమైతే రెండు విషయాలకి జవాబు దొరకదు.

మొదటిది నియో జియో. 1990లో జపాన్‌లో వచ్చింది. అమెరికాలో దాని ధర దాదాపు 650 డాలర్లు, త్రీడీవోకి అన్నదమ్ముల వరస. ఒక్కో ఆటకి కూడా వందల డాలర్లు. అది కోట్లలో అమ్ముడుపోలేదు నిజమే. కానీ దాని కోసం అధికారికంగా 2004 దాకా ఆటలు వచ్చాయి. ఎందుకంటే కొన్నవాడికి ఏం దొరుకుతుందో మొదటి రోజే తెలుసు. బయట ఆర్కేడ్‌లో బిళ్ళలేసి ఆడే ఆట, తేడా లేకుండా ఇంట్లో.

రెండోది మన దగ్గరిదే. ఆకాశ్ టాబ్లెట్ గుర్తుందా? 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదల చేశారు. ప్రపంచంలోనే అత్యంత చవక టాబ్లెట్ అన్నారు. తొలి విడత టాబ్లెట్ల అసెంబ్లీ జరిగింది మన హైదరాబాద్‌లోనే. విద్యార్థుల చేతికి ఇవ్వాలన్నది ఉద్దేశం. అంటే సరిగ్గా మనలాంటివాళ్ళ కోసం. ధర దగ్గర వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని స్క్రీన్. అది చేతిలో పెట్టుకున్న కుర్రాడు ఆ పూట దానితో ఏ పాఠం చదవాలి, ఏ పని చెయ్యాలి అన్నదానికి గట్టి జవాబు లేదు. చవగ్గా ఇచ్చినా నిలబడలేదు.

ఖరీదైనది నిలబడింది, చవకైనది పోయింది. కాబట్టి ధర ఒక్కటే కాదు. ధర ఎంతైనా, దానికి బదులుగా మొదటి రోజు నా చేతిలో ఏం పెడుతున్నావన్నదే లెక్క.

ఇంకో ఉదాహరణ ఉంది, అది నాకు చాలా ఇష్టం. త్రీడీవో డిజైన్ చేసిన ఆ జంటే అంతకుముందు అటారీ లింక్స్ చేశారన్నాను కదా. 1989లో వచ్చింది. చేత్తో పట్టుకుని ఆడే యంత్రం, రంగుల స్క్రీన్, వెనక లైటు. అదే ఏడాది నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. రంగుల్లేవు, లైటు లేదు, పాచిపట్టిన చెరువు రంగు స్క్రీన్. ఏ జడ్జీల ముందు పెట్టినా లింక్స్‌కే ఫస్ట్ ప్రైజ్. కానీ అమెరికాలో గేమ్ బాయ్ పెట్టెలో టెట్రిస్ పెట్టి ఇచ్చారు. బ్యాటరీ వేసిన నిమిషానికే ముక్కలు పడటం మొదలు. ఆ ఆటకి రంగు అవసరం లేదు, లైటు అవసరం లేదు, మాన్యువల్ అవసరం లేదు. ఎవరు గెలిచారో మీకు తెలుసు.

అంతదూరం ఎందుకు, మనమంతా చిన్నప్పుడు టీవీకి తగిలించుకున్న వీడియో గేమ్ చూడండి. కార్ట్రిడ్జ్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. లోపల తిప్పి తిప్పి లెక్కపెడితే పదో ఇరవయ్యో. పచ్చి అబద్ధం. జాయ్‌స్టిక్ వారానికే వదులైపోయేది. అయినా టెక్కలి సంతలో కొన్న ఆ నకిలీ పెట్టెని మా వీధిలో ఎవరూ తిట్టలేదు. ఎందుకంటే ఆ పదింట్లో మారియో ఉంది, కాంట్రా ఉంది. తగిలించిన పూటే ఉంది.

ఆట వచ్చేసరికి

త్రీడీవోకి మంచి ఆటలు రాలేదని కాదు. వచ్చాయి. 1994లో రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్, ఫిఫా, స్టార్ కంట్రోల్ 2 అన్నీ వచ్చాయి. ధర కూడా ఆ ఏడాదిలోనే 399 డాలర్లకి దిగింది. అంటే రోగం ఏంటో తెలిసింది, మందు కూడా వేశారు.

కానీ 1994 డిసెంబర్ 3న జపాన్‌లో సోనీ ప్లేస్టేషన్ వచ్చేసింది. 1995 సెప్టెంబర్‌లో అమెరికాకి 299 డాలర్లకి వచ్చింది. మొదటి ఏడాది త్రీడీవో మీద డబ్బు పోసి ఒకే ఆట చూసి నొచ్చుకున్నవాళ్ళు, వాళ్ళని చూసి ఆగిపోయినవాళ్ళు మళ్ళీ వెనక్కి తిరగలేదు. తర్వాతి యంత్రం ఎం2 టెక్నాలజీని పానాసోనిక్ మాతృసంస్థ మత్సుషితాకి 10 కోట్ల డాలర్లకి అమ్మేశారు. అది ఇళ్ళలోకి రానేలేదు. 1996 చివరికి త్రీడీవో కన్సోల్ కథ ముగిసింది. కంపెనీ ఆటలు చేసుకుంటూ ఇంకొన్నాళ్ళు లాగి 2003లో దివాలా తీసింది.

ఆ ఆటలు మాత్రం చావలేదు. రోడ్ రాష్ మా హాస్టల్ దాకా వచ్చింది. స్టార్ కంట్రోల్ 2 త్రీడీవో వెర్షన్ సోర్స్ కోడ్‌ని దాని సృష్టికర్తలు 2002లో అందరికీ ఇచ్చేశారు. ది ఉర్-క్వాన్ మాస్టర్స్ పేరుతో ఇవాళ్టికీ ఊరికే ఆడుకోవచ్చు. పెట్టె పోయింది, పెట్టెలోది బతికింది. మొదట పట్టించుకోనిది ఏదో, చివరికి మిగిలింది అదే.

సోనీ ఈ పాఠాన్ని బాగా ఒంటపట్టించుకుంది. ప్లేస్టేషన్ 2 వచ్చి తొమ్మిదేళ్ళయ్యాక, 2009లో, భారత్‌లో అమ్ముకోవడానికి ఇక్కడి ఆటలు కావాలని తెలుసుకుంది. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆట 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. కబడ్డీ, కర్రాబిళ్ళ లాంటివి పెట్టి 'దేశీ అడ్డా' చేసింది కూడా హైదరాబాద్‌దే, గేమ్‌శాస్త్ర. ఆ ఆటలు ప్రపంచాన్ని ఊపెయ్యలేదు. కానీ అంత పెద్ద కంపెనీ కూడా "మా యంత్రం గొప్పది, కొనుక్కోండి" అనకుండా, "మీ ఆట ఇదిగో" అని వచ్చిందని గమనించండి.

అత్త అడిగిన రేటు

తుండుగుడ్డ ఆరేసిన పెట్టె దగ్గరికి మళ్ళీ వద్దాం.

మే నెలాఖరున మా అత్త ఇంటికొచ్చింది. నా పెట్టె సంగతి విని చూస్తానంది. తుండుగుడ్డ తీసి స్విచ్ వేశాను. ఆరు బటన్లలో సూటిగా నాలుగోది నొక్కింది. పంటల ధరలు. 'త్వరలో' అని పడవ వెళ్ళింది.

"పలాసల ఇయాల పిక్కల బస్తా ఎంతుందో సెప్పదా ఇది?" అంది.

మాకు మే నెల అంటే జీడిపిక్కలు ఏరే కాలం. పలాసలో పిక్కల రేటు 80 కిలోల బస్తా లెక్కన చెబుతారు. ఆ రేటు పూటపూటకీ కదులుతుంది. కాశీబుగ్గలో ఫ్యాక్టరీవాళ్ళకి తెలుస్తుంది, దళారికి తెలుస్తుంది, తోటలో ఉన్న అత్తకి మాత్రం దళారి చెబితేనే తెలుస్తుంది. వాడు చెప్పిందే రేటు. వేట లేని నెలలో వేట బటన్ గురించి మేం బాధపడుతూ కూర్చున్నాం గానీ, ఆ నెలలో ఊరూరా జనానికి కావల్సిన ఒకే ఒక్క సంగతి మా స్క్రీన్ మీద నాలుగో బటన్‌గా ఉంది. మా టెట్రిస్ మా పెట్టెలోనే ఉంది, 'త్వరలో' వెనకాల.

దానికి ఏ టెక్నాలజీ అక్కర్లేదు. మా ఫ్రెండ్ ఒకడిది కాశీబుగ్గ. రోజూ పొద్దున్న ఎనిమిదికి వాడు ఇద్దరు వ్యాపారుల్ని అడిగి రేటు మెసేజ్ పెట్టేవాడు. నేను టైప్ చేస్తే పెట్టె చదివేది. మిగతా ఐదు బటన్లూ తీసేశాం. స్క్రీన్ మొత్తం ఒకటే అంకె, పెద్ద అక్షరాల్లో. పెట్టెని టీ కొట్టు దగ్గర్నుంచి తీసి, అత్తవాళ్ళ ఊళ్ళో పిక్కలు తూకం వేసే చోట పెట్టాం.

సీజన్ చివర, పన్నెండు రోజులే నడిచింది. ఏదో విప్లవం వచ్చిందని చెప్పను. కానీ రెండో రోజు అత్త దళారితో "పెట్టెల బస్తాకి రెండొందలు ఎక్కువ సెప్తంది" అంది. వాడు మొదట నవ్వాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి నూట యాభై ఎక్కువకి కొన్నాడు. మా 11,400 రూపాయల ప్రాజెక్టులో నిజంగా ఎవరి చేతికైనా డబ్బు వచ్చింది ఆ ఒక్క రోజే. ఫస్ట్ ప్రైజ్ సర్టిఫికెట్‌లో ఆ విషయం లేదు.

మా ఊరి పెద్ద పెట్టె

ఇది రాస్తున్నప్పుడు మా ఊరి పోర్టు గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. ముందు భావనపాడు పోర్టు అన్నారు, ఇప్పుడు మూలపేట పోర్టు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ తీరం కొత్తగా కనిపిస్తుంది. లారీలు, రాళ్ళు, సముద్రంలోకి పొడుచుకెళ్ళిన గట్టు.

నేను పోర్టుకి వ్యతిరేకిని కాను. వలస పోయే జిల్లా మాది. మా క్లాసులో సగం మంది నాన్నలు, అన్నలు ఎక్కడెక్కడో పనిచేస్తున్నారు. ఇంటి దగ్గర పని దొరుకుతుందంటే ఎవరు వద్దంటారు? కానీ బెర్తులు కట్టడమంటే కన్సోల్ తయారు చెయ్యడమే. ఓడ వచ్చిన మొదటి రోజున మా ఊరివాడు అక్కడ ఏ పనిలో ఉంటాడన్నది ఆట. పలాస జీడిపప్పు, టెక్కలి గ్రానైటు, నౌపడ ఉప్పు, ఉద్దానం కొబ్బరి. సరుకు లేని చోటు కాదు మాది. కానీ ఆ సరుకుకి కావల్సిన గోదాములు, శీతల గిడ్డంగులు, క్రేన్ నడిపే లైసెన్సులు, కస్టమ్స్ కాగితాలు తెలిసిన కుర్రాళ్ళు గట్టుతోపాటే తయారవ్వాలి. గట్టు అయ్యాక 'త్వరలో' అంటే, ఆ పనులకి బయటివాళ్ళు వస్తారు. మావాళ్ళు గేటు బయట టీ కొట్టు పెట్టుకుంటారు. ఇది ఎవర్నో తిట్టడానికి రాయడం లేదు. ఇంజినీరింగ్ చదువుతున్న మనం అడగాల్సిన ప్రశ్న కాబట్టి రాస్తున్నాను. పోర్టు లాజిస్టిక్స్ మీద మన కాలేజీలో ఒక్క ఎలెక్టివ్ కూడా లేదు. అడిగితే కదా పెట్టేది.

ఒక చిన్న కాలమ్

ఈ వారం నోటీసు బోర్డులో ప్రాజెక్టుల లిస్టు చూశాను. నలభై రెండు బ్యాచ్‌లు. అందులో పదిహేడు టైటిళ్ళలో 'స్మార్ట్' ఉంది, పదకొండింట్లో 'ప్లాట్‌ఫామ్' ఉంది. రైతులకి ప్లాట్‌ఫామ్, రోగులకి ప్లాట్‌ఫామ్, హాస్టల్ విద్యార్థులకి ప్లాట్‌ఫామ్. ఎక్కడానికి రైలు మాత్రం ఎవరూ రాయలేదు. నవ్వకండి, మా టైటిల్‌లో పోయినేడు రెండు మాటలూ ఉన్నాయి.

పెద్ద ఐడియాలు మానెయ్యమని నేననడం లేదు. హాకిన్స్ కల పెద్దది కావడం తప్పు కాదు. చివరి క్షణం దాకా యంత్రాన్నే చెక్కుతూ, ఆట చేసేవాడికి టైమ్ ఇవ్వకపోవడం తప్పు. మనం కూడా అంతే కదా. సెమిస్టర్ అంతా డాష్‌బోర్డుకి రంగులు మారుస్తాం, డేటా చివరి వారంలో ఏదో ఒకటి పోస్తాం.

అందుకని మన డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఒక విన్నపం. జీరోత్ రివ్యూ ఫారంలో హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, బడ్జెట్ అని కాలమ్స్ ఉన్నాయి. ఇంకొక్కటి కలపండి: 'ఇది పెట్టిన మొదటి రోజు, ఎవరు, దీనితో ఏం చేస్తారు?' ఒక మనిషిని ఊహించుకుని ఒక్క వాక్యంలో రాయాలి. 'యూజర్లు' అని రాస్తే వెనక్కి ఇచ్చెయ్యాలి. అత్త, చిన్నాన్న, టీ కొట్టు ఆయన, అలా ఉండాలి. ఆ వాక్యం రాయలేని బ్యాచ్‌కి ఇంకో వారం గడువివ్వండి, ఊరెళ్ళి అడిగొస్తారు.

మా బ్యాచ్ ఆ కాలమ్ లేకపోయినా రాసేసింది. ఈసారి టైటిల్‌లో స్మార్ట్ లేదు, ప్లాట్‌ఫామ్ లేదు. 'జీడిపిక్కల రోజువారీ రేటు చెప్పే పెట్టె' అని పెట్టాం. గైడ్ గారు చదివి "ఇంతేనా?" అన్నారు. ఇంతే సార్ అన్నాం. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అత్త అడిగింది, పిక్కలు రాలక ముందే పెడతారా, పోయినేడులాగా చివర్లో తెస్తారా అని. ముందే పెడతాం అని మాటిచ్చాను. 'త్వరలో' అనలేదు. మార్చి మొదటి ఆదివారం అని తారీఖు చెప్పాను.

శనివారం రాత్రి థర్డ్ ఫ్లోర్‌కి వస్తే మాట్లాడుకుందాం. చెప్పులు బయట వదలండి. సీపీయూని ఎక్కడ తట్టాలో నేను చూపిస్తాను.